లోపలి గీత

శుక్రవారం షువైఖ్‌లో షట్టర్లన్నీ దించేసుంటాయి.
మా లేతు మిషన్ కూడా ఆ పూట చల్లగా పడుకుంటుంది.
అట్లాంటి ఒక పొద్దున వచ్చినాడు అబూ మిషారి.
అరచేతిలో రుమాలు,
రుమాల్లో కందిగింజంత స్క్రూ.
"దీనికి జోడీ పోయింది. చేస్తావా?"

దేనికి బిగిస్తారో అడగలేదు నేను.
జాబ్రియాలో, వాళ్ళింటి నేలకింది గదిలో
ఆకుపచ్చ మఖ్మల్ పరిచిన సొరుగు లాగితే తెలిసింది.
పిస్తోళ్ళు.
సూదులు తీసేసినవి, లైసెన్సు కాగితాలున్నవి,
కోరలు పీకిన పాముల్లా పక్కపక్కన.

అన్నీ ఒకటే బాపతు:
పరాయి దండు వచ్చి కూర్చున్న ఊళ్ళో
ఆ ఊరి చేతులే
ఆ దండు కోసం చేసినవి.
పోలండువి, బెల్జియంవి, చెక్కులవి.
మొదటి ఏడాదివి అద్దాలు, గడ్డం గీసుకోవచ్చు.
యుద్ధం ముదిరేకొద్దీ గరుకు.
చివరి నెలలవైతే
దున్ని వదిలేసిన చేనులాగా సాళ్ళు సాళ్ళు.
ఆయనకు ఆ గరుకువే ప్రాణం.
ఒక్కదానికి నా పద్నాలుగు నెలల జీతం పోసినాడు.

ఆయన భూతద్దంతో ముద్రలు చదువుతాడు.
గద్ద బొమ్మ, గద్ద కింద అంకె,
ఏ నెల, ఏ తనిఖీ ఆఫీసరు.
నాకు ముద్రలు రావు.
ప్రొద్దుటూరు ఐటీఐలో నేను నేర్చింది కోత చదవడం.
ఇదిగో, ఇది మొద్దుబారిన పనిముట్టు.
ఇది పనిముట్టు మంచిదే, తిప్పినోని మనసు ఈడ లేదు.
ఇది రాత్రి షిఫ్టు.
"ఎట్లా తెలుసు?"
ఎట్లా అంటే ఏం చెప్పేది.
అన్నం తినని రోజు నా కోతా ఇట్లాగే ఎడమకు జారుతుంది.

ఒకదాన్ని విప్పినాను. పైనంతా చెక్కుడు.
లోపల, ఏ ఆఫీసరు కన్నూ పడని చోట,
వెన్న.
ఆ వెన్న మీద, మూలకు, సన్నటి గీత ఒకటి.
పనికొచ్చే గీత కాదు.

ఒకే నంబరు రెండింటి మీద కొట్టేవాళ్ళంట.
ఒకటి లెక్కలోకి,
ఒకటి అన్నం క్యారియర్లో గేటు దాటి అడవికి.
దొరికినోళ్ళను ఫ్యాక్టరీ ముందరే ఉరి తీసినారంట.
ఆ రెండోదాని కోసం పదకొండేళ్ళుగా వెతుకుతున్నాడు ఈయన.

నేను తిప్పిన షాఫ్టుల మీద
'జర్మనీ' అని పంచి కొట్టేది కూడా నేనే,
రోజుకు ముప్పై.
ఆ మాట అబూ మిషారికి చెప్పలేదు.
ఆ పోలండు మేస్త్రీకి చెప్పినాను, మనసులో.

రంజాను నెలలో ఒక రాత్రి
ఖర్జూరం గింజలు గిన్నెలో వేస్తూ ఆయనే ఎత్తినాడు:
"మా నాయన కరెంటు ప్లాంటులో ఇంజనీరు.
ఇరాకోళ్ళున్న ఆ ఏడు నెలలూ డ్యూటీకి పోయినాడు.
ఆస్పత్రిలో మిషన్లు ఆగలేదు.
వాళ్ళ సైనికుల గుడారాల్లో ఫ్యాన్లూ ఆగలేదు.
అంతా అయిపోయినాక దీవానియాలో
మా నాయన పక్క దిండు ఖాళీగానే ఉండేది."
కాసేపు గింజలు లెక్కపెట్టినాడు.
"కరెంటుకు లోపలి పక్క ఉండదు, ఓబులేసూ.
గీత యాడ పెడతాడు?"

నేను గుడ్డకు నూనె అద్దుకున్నాను.
తుడిచిందే తుడిచినాను.

మొన్న దోహా నుంచి ఒకాయన దిగినాడు,
ఆయన కన్ను తప్పదని పేరు.
అద్దం ఆనించి, పిడి దగ్గర ఆగి,
"స్క్రూలు రెండూ ఫ్యాక్టరీవే. దొరకవు ఇట్లాంటివి" అన్నాడు.
అబూ మిషారి నా దిక్కు చూసినాడు.
నేను టీ గలాసులో చక్కెర కలుపుతున్నాను,
ఎప్పుడో కరిగిపోయిన చక్కెర.
ఆయన ఏమీ అనలేదు.
స్క్రూ తల కింద, బిగిస్తే కనపడని చోట ఏముందో
విప్పితే గదా.

శనివారం పొద్దున షట్టరు లేచింది.
పంచి. సుత్తి.
జర్మనీ.
జర్మనీ.
జర్మనీ.